పెంకు నుండి నేలపలక వఱకు: కుంభకారవృత్తి నడచిన త్రోవ

మన సంఘవార్షిక సంచికలయందు శాలివాహన చక్రవర్తి ప్రశస్తియు, ఆతుకూరి మొల్ల కవితావైభవమును, తిరుమల క్షేత్రమాహాత్మ్యమున కీర్తింపబడిన కుమ్మరిభక్తుడు భీముని కథయు తఱచుగా ప్రకటింపబడుచుండును. అవి మనకు గర్వకారణములు, సందేహము లేదు. అయినను కులచరిత్ర మనగా రాజుల చరిత్రయు, కవుల చరిత్రయు మాత్రమే కాదు. సారె యెదుట కూర్చుండి మన్ను మలచి పిల్లలకు గంజి పోసినవారి చరిత్రయు చరిత్రయే. మనవారు చేసిన వస్తువులలో కుండ మొదటిది, పెంకు రెండవది. కుండను గూర్చి మన పెద్దలు బహువిధముల వ్రాసియున్నారు. నేను పెంకును గూర్చి వ్రాయ నెంచితిని. ఏలయన, ఒకప్పుడు ఇంటికప్పుపై నుండిన పెంకు పని నేడు టైల్సు రూపమున ఇంటినేలకు దిగి, లక్షలాది జనులకు అన్నము పెట్టుచున్నది. ఆ అన్నమున మన పిల్లల పాలెంత యని విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

ప్రాచీనకాలము

సంస్కృతమున కుమ్మరికి కుంభకారుడనియు, కులాలుడనియు పేర్లు. అమరసింహుడు తన నిఘంటువున శూద్రవర్గమునందు ఈ రెండు పేర్లను జెప్పి, ఆ శ్లోకార్ధమునందే పలగండుని, అనగా గోడకు పూతపూయు లేపకుని జెప్పెను. మన్ను కాల్చువాడును, కాల్చినదానిని ఇంటికి కూర్చి పూత పూయువాడును ఒక్క పాదద్వయమున ప్రక్కప్రక్కను కూర్చుండిరి. విద్యార్థిదశలో ఈ శ్లోకమును వల్లించినప్పుడు నాకది ఛందస్సౌకర్యముగా మాత్రమే తోచెను. వృత్తుల చరిత్ర చదివిన పిదప ఆ పొరుగునకు వేఱొక యర్థము కలదని తోచుచున్నది. దానిని ముందు చెప్పెదను.

పైకప్పునకు కాల్చిన పెంకు వాడుట మన దేశమున క్రొత్త గాదు. పూర్వపు కరీంనగరము జిల్లాలోని పెదబంకూరునందు జరిగిన త్రవ్వకములలో క్రీస్తుపూర్వము 200 మొదలు క్రీస్తుశకము 200 వఱకు గల కాలమునకు జెందిన కాల్చిన యిటుకల కట్టడములును, రంధ్రములు గల బల్లపఱుపు పెంకులును బయల్పడినవి. రెండవ శతాబ్దమునకు జెందిన ఇటుకబావులు ఇరువదిరెండు అచ్చట కానవచ్చినవి. శాతవాహనుల యేలుబడిలో దక్షిణాపథమున పెంకుల వాడుక విరివిగా నుండెనని చరిత్రకారులు నిర్ణయించిరి. ఆ పెంకులు కాల్చినవారి పేర్లు ఏ శాసనమునందును లేకపోవచ్చును. వారి చేతిపని మాత్రము రెండువేల యేండ్లు మన్నున నిలిచినది.

గూనపెంకు

మన తాతముత్తాతల కాలమున వాడుకలో నున్నది గూనపెంకు. దానిని చేయు విధానము ఇప్పటి యువకు లెఱుగరు గావున సంగ్రహముగా జెప్పుచున్నాను. చెఱువు మన్ను తెచ్చి, రాళ్లేఱి, నీట నానబెట్టి, కాళ్లతో త్రొక్కి మెత్తజేసి, సారెపై నెత్తి, అడుగు లేని గొట్టముగా లాగుదురు. పచ్చి కొంత యారిన పిమ్మట ఆ గొట్టమునకు నిలువున ఇరుప్రక్కల గీటు పెట్టి రెండు చెక్కలుగా విడదీయుదురు. ఒక గొట్టమునకు రెండు పెంకులు. ఎండబెట్టిన పిదప ఆవమున పేర్చి కాల్చుదురు. కప్పు నేయునప్పుడు ఒక వరుస వెల్లకిలగను, దానిపై వరుస బోర్లగను పెట్టుదురు. కోతులు త్రొక్కియో, గాలికి కదలియో పెంకు జాఱిన చోట వాన కాఱును గావున ఏటేట తొలకరికి ముందు పెంకు తిరగవేయుట గృహస్థునకు తప్పని పని. అందుచే కుమ్మరికిని ఏటేట పని తప్పకుండెను. పెంకు చేసినవాడే కప్పెక్కి నేసిన యూళ్లును కలవు. నేత వేఱొకరి దైన యూళ్లును కలవు.

ఈ యేర్పాటులో ఒక సుఖమును, ఒక దోషమును కలవు. తండ్రి చేసినది కుమారుడు చేయును. ఎవడును బడికి పోయి నేర్వ నక్కఱలేదు. ఇది సుఖము. లోకము మాఱినప్పుడు క్రొత్తది నేర్పువాడు లేడు. ఇది దోషము.

మంగుళూరు పెంకు

ఆ మార్పు సముద్రము మీదుగా వచ్చినది. 1841లో ఫ్రాన్సు దేశపు ఆల్సేసు సీమయందు గిలార్డోనీ సోదరులు ఒకదానితో నొకటి కొక్కెముగా పట్టుకొను బల్లపఱుపు పెంకును కనిపెట్టిరి. బాసెల్ మిషను వారి యుద్యోగియైన గియోర్గ్ ప్లెబ్‌స్ట్ అనునతడు 1865లో మంగుళూరునందలి జెప్పు అనుచోట అట్టి పెంకుల కర్మాగారమును స్థాపించెను. మన్ను యంత్రమున పిసికి, అచ్చుల నడుమ అదిమి, పెద్ద కొలుములలో కాల్చి తీసిన ఆ పెంకు నునుపైనది, ఒక్క కొలతది. దానిని ఏటేట తిరగవేయ నక్కఱలేదు. రైలుమార్గముననో, ఓడలమీదనో వచ్చి అది కచేరీలకును, స్టేషనులకును, బడులకును, పిదప సంపన్నుల గృహములకును ఎక్కెను. క్రమముగా తెలుగుదేశమునందును అట్టి పెంకు కాల్చుట ప్రారంభమయ్యెను. ప్రథమ ప్రపంచయుద్ధానంతరము, 1919లో, బాసెల్ మిషను వారి కర్మాగారములు కామన్వెల్తు ట్రస్టునకు సంక్రమించెను.

ఇచ్చట మనము నిదానించి గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ కర్మాగారములలో పెంకు నదిమి, కాల్చి, ఎత్తినవారు ప్రధానముగా కుమ్మరులు కారు. మతము మారి కులవృత్తికి దూరమైన వారికి జీవనోపాధి కల్పించుటకే మిషను వారు ఆ పరిశ్రమలు పెట్టిరి. కల్లుగీత మొదలగు వృత్తుల వారి పిల్లలు అచ్చట చేరి మన్నుపని నేర్చిరి. తరతరముల నుండి మన్ను నెఱిగిన మనవారు ఊరి యావము కడ నిలిచి, బండ్లపై పోవుచున్న క్రొత్త పెంకులను చూచుచుండిరి. పని పుట్టినవానిని విడిచి నేర్చినవానిని వరించినది. నా వ్యాసమునకంతటికిని ఇదియే సూత్రము. తక్కినదెల్ల దీనికి వ్యాఖ్యానము.

కప్పు నుండి నేలకు

మంగుళూరు పెంకునకును కాలము చెల్లవలసియే వచ్చెను. సిమెంటు, ఇనుము సులభముగా లభింపజొచ్చిన పిదప జనులు మిద్దెలయందు మక్కువ జూపిరి. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ యుప్పెన తరువాత గాలివానకు నిలుచు ఇండ్ల యావశ్యకత ప్రభుత్వమునకును, ప్రజలకును తేటపడెను. 1979లో ఆంధ్రప్రదేశ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ యేర్పడెను. ఊరూరను పక్కాయిండ్లు లేచెను. పూరిగుడిసె పోయి మిద్దె వచ్చినందుకు ఎవరును విచారింపరాదు. మనవారును అట్టి యిండ్లలోనే సుఖముగా నిద్రించుచున్నారు. కాని ఆ మిద్దెపై పెంకునకు చోటు లేకపోయెను.

పెంకు విడిచిన చోటును నేలపలక యాక్రమించినది. పూర్వము పేదయింట పేడ యలుకు, కలవారియింట గచ్చు. తరువాత మాచర్ల, బేతంచెర్ల, తాండూరు నాపరాళ్లు ప్రబలెను. బొంబాయిలో 1922లో స్వదేశీదీక్షతో స్థాపింపబడిన భారత్ టైల్సు సంస్థ సిమెంటుతో రంగురంగుల నేలపలకలు చేసెను. 1958లో జాన్సను సంస్థ ఠాణాయందు మెఱుగు పూసిన గోడపలకల తయారీకి మన దేశమున నాంది పలికెను. నేడు మన దేశపు సిరామిక్ పలకలలో మిక్కిలి యధికభాగము గుజరాతునందలి మోర్బీ పట్టణ ప్రాంతమున తయారగుచున్నది.

మోర్బీ చరిత్ర మనకు పాఠము వంటిది. అదియు పూర్వము ఇంటికప్పు పెంకులకు పేరొందిన చోటే. 1979 ఆగస్టు 11న మచ్ఛూనది యానకట్ట తెగి ఆ పట్టణము కొట్టుకొనిపోయెను. అట్టి విపత్తు ననుభవించియు ఆ ప్రాంతమువారు పెంకు నుండి గోడపలకకును, గోడపలక నుండి నేలపలకకును మాఱిరి. ఆ కర్మాగారముల యజమానులలో అధికులు పాటీదారులు, అనగా వ్యవసాయకుటుంబముల వారు. అచ్చటను సూత్రము మాఱలేదు. మన్నునకు కొత్తవారు మన్ను నేర్చి, మన్నుచే ధనవంతులైరి.

యంత్రము దేనిని తీసికొనును, దేనిని విడుచును

యంత్రము మన వృత్తిని మింగినదని మన సభలలో విలపించుట పరిపాటి. ఆ మాట సగము నిజము. పలక చేయుపనిని యంత్రము నిశ్శేషముగా తీసికొనినది. ఆవమున దినములతరబడి కాలి చల్లారవలసిన మట్టి నేడు ఉరుళ్లపై నడచుచు ఇంచుమించు ఒక గంటలో కాలి వెలికి వచ్చుచున్నది. 2000 ప్రాంతమున స్పెయిను దేశపు కాస్టెల్యోన్ సీమలో సిరాచుక్కలు చల్లి పలకపై చిత్రము నచ్చువేయు యంత్రము వెలసిన పిదప, పాలరాతి చారలును, టేకుకఱ్ఱ గీతలును మనుష్యహస్తము సోకకయే పలకపై దిగుచున్నవి. చేయుపనిలో చేతితో యంత్రమునకు పోటీ నిలుచుట అసాధ్యము. ఆ పోటీకి మన బాలుర నంపుట అన్యాయము.

కాని చేసిన పలకను నేలపై కూర్చుపని యిప్పటికిని చేతిదే. పలకలు పరచు యంత్రములు పుట్టకపోలేదు. సింగపూరునందు పరిశోధకులు అట్టిదానిని నిర్మించి పరీక్షించిరి. చైనాలో 2018లో స్థాపింపబడిన బ్రైట్ డ్రీమ్ రోబోటిక్స్ అను సంస్థయు నేలపలకలు పరచు యంత్రమును చేసినది. అట్టి యంత్రమునకు విశాలమైన గది, ముందే మట్టము చేసిన నేల, ఒకే కొలత పలకలు కావలెను. గోడమూల వంకరగా నున్న పాతయింట, తూమువైపు నలుదెసల నుండి వాలు దీయవలసిన స్నానపుగదిలో, మెట్లమీద, స్తంభము చుట్టును, పగిలిన పలక నొక్కదానినే తీసి మాఱ్చవలసిన చోట దానికి దారి తోచదు. పెద్ద కట్టడముల విశాలమైన నేలలు కొన్నాళ్లకు యంత్రమునకు పోవచ్చును. మూలయు, వాలును, మరమ్మతును చాలకాలము మనుష్యునివద్దనే నిలుచును. కావున నేర్వవలసినది సులభమైన పని గాదు; కష్టమైన పని. సులభముగా నేర్చినదానిని యంత్రమును సులభముగానే నేర్చును.

అమరసింహుని శ్లోకము నిచ్చట స్మరింపుడు. కుంభకారుని పని యంత్రమునకు పోయినది. అతని ప్రక్కను కూర్చున్న లేపకుని పని నిలిచినది. మనము ప్రక్కచోటికి జరుగవలసియున్నది. దూరదేశపు విద్య యేదియు గాదు. ఒక్క శ్లోకార్ధములోని యెడమే.

వలస

ప్రస్తుతము హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడలలో నూతనగృహముల నేలలు పరచుచున్నవారిలో రాజస్థానము, ఉత్తరప్రదేశము, బీహారముల నుండి వచ్చినవారు పెక్కురు. వారిని చూచి అసూయపడుట తగదు. వారును ఇల్లు విడిచి వచ్చి, నేర్చి, శ్రమించి తినుచున్నారు. మన బాలురు వారి చెంత మన్నెత్తు కూలీలుగా నుండుట మాత్రము విచారింపదగిన విషయము.

మనవారును వలస పోవుచునే యున్నారు. కరీంనగరము, నిజామాబాదు, గోదావరి, కడప ప్రాంతముల నుండి గల్ఫు దేశములకు పోయినవారు ప్రతి గ్రామమునను కలరు. నా శిష్యుడొకడు, మన కులమువాడే, పదవ తరగతి తప్పి పోయెను. మూడేండ్లకు తిరిగివచ్చి నాతో ననిన మాటలు యథాతథముగా వ్రాయుచున్నాను. “మాస్టారూ, అక్కడ నా కులం ఎవరూ అడగలేదు, నా ఊరూ అడగలేదు. మూలమట్టం చేతికిచ్చి గోడమూల పట్టమన్నారు. నాకు రాలేదు. సరే, బస్తాలు మొయ్యమన్నారు. రెండేళ్లు మోశాను. నా పక్కనే టైల్సు పరిచేవాడికి నాకంటె రెట్టింపు జీతం.” మూడవయేట అతడు సాయంకాలములందు ఒక మలయాళీ మేస్త్రికి శుశ్రూషచేసి పని నేర్చెను. నేడు స్వస్థలమున నలుగురు పనివారిని పెట్టుకొని గౌరవముగా జీవించుచున్నాడు. ఆ రెండేండ్ల బరువు ఇక్కడనే నేర్చియున్నచో అతనికి తప్పియుండెడిది.

ఇంకొక నిదర్శనము. 2023లో భారతప్రభుత్వమును, ఇజ్రాయేలు ప్రభుత్వమును చేసికొన్న యొప్పందము ననుసరించి 2024లో నిర్మాణపు పనివారి నెన్నుకొన్నప్పుడు కోరబడిన పనులు నాలుగు: సెంట్రింగు, ఇనుము వంచుట, గోడపూత, టైల్సు పరచుట. నెలకు లక్షరూపాయలకు మించిన జీతము. యుద్ధము నడుచుచున్న దేశమైనను జనులు బారులు తీరిరి. పోయినవారిలో కొందఱు చాలినంత నేర్పు లేమిచే వేఱు పనులకు మాఱ్చబడిరని పిదప పత్రికలలో వార్తలు వచ్చెను. పని పిలిచినది, నేర్పు బదులు పలుకలేదు.

విదేశమునకు పోవువారు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని. పదవ తరగతి గట్టెక్కనివానికి, 1983 నాటి వలసచట్టము క్రింద, గల్ఫు మొదలగు దేశములకు పనికి పోవుటకు వలసాధికారి యనుమతి యావశ్యకము. పదవ తరగతి పత్రమున్నవాని కీ యాటంకము లేదు. అనుమతిపత్రము గల మధ్యవర్తి పనివానివద్ద తీసికొనదగిన రుసుము రూ. 30,000లును, దానిపై పన్నును మాత్రమే. అంతకు మించి అడుగువానిని, రసీదు ఇయ్యనివానిని, సందర్శకుని వీసాపై పంపెదననువానిని నమ్మి పొలము తాకట్టు పెట్టరాదు.

శిక్షణము

ఇక నేర్చుటకు మార్గములు. హైదరాబాదునందు 1998లో జాతీయ నిర్మాణ అకాడమీ, నాక్ అనుపేర ప్రసిద్ధమైనది, నిర్మాణపు పనివారికి శిక్షణ నిచ్చుటకు స్థాపింపబడెను. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వ మారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకమున పదునెనిమిది వృత్తులు చేర్పబడినవి. అందు కుమ్మరియు కలడు, తాపీమేస్త్రియు కలడు. అయిదు మొదలు ఏడు దినముల ప్రాథమిక శిక్షణము, పదునైదు దినములు లేక అంతకుమించిన పైశిక్షణము, దినమునకు రూ. 500ల భృతి, పనిముట్లకు రూ. 15,000లు, తక్కువ వడ్డీకి ఋణము అందు ఏర్పఱుపబడినవి. కుటుంబమున కొక్కరికే యవకాశము. కావున ఎవరి పేరు, ఏ వృత్తిక్రింద వ్రాయింపవలెనో ఇంట కూర్చుండి ఆలోచించి నిర్ణయించుకొనవలెను. తండ్రి సారె నాపి పదేండ్లయినను, కుమారుడు తాపీ పట్టి పనికి పోవుచున్నను, అలవాటు చొప్పున కుమ్మరి యని వ్రాయించుట పనికిరాదు.

కొలది దినముల శిక్షణముతో మేస్త్రి కాలేడని నేను ఉపాధ్యాయుడనుగా నొక్కి చెప్పుచున్నాను. అక్షరాభ్యాసముతో పండితుడగునా? రసమట్టముతో నేల సరిచూచుట, గది వైశాల్యము కట్టి పలకల లెక్క తేల్చుట, మూలలో సన్నముక్క మిగులకుండునట్లు నడిమి నుండి గీత పెట్టుట, డొల్ల లేకుండ వెనుకవైపంతయు జిగురు పట్టించుట, పలకల నడుమ సందు కాపాడుట: ఇవి యేడాదియో, రెండేండ్లో మంచి మేస్త్రి యొద్ద కూర్చుండి నేర్వవలసినవి. ఇప్పటి పెద్ద పలకలకు పూర్వపు సిమెంటుపాకము చాలదు. వాటికై ప్రత్యేకమైన జిగురులు వచ్చినవి. వాటికి భారతీయ ప్రమాణసంఖ్య 15477 కలదు. సంచిపై వ్రాసినది చదువలేనివాడు నీరెక్కువ పోసి పలకలు లేచిపోవ యజమానిచేత మాట పడును. కావున బడి మాని పనికి పోవు బాలునికంటె పదవ తరగతి ముగించి పనికి పోవు బాలుడు పదేండ్లలో చాలముందుండును.

ఆరోగ్యవిషయ మొకటి మఱువరాదు. పలకను పొడిగా కోసినప్పుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను నయముగాని రోగమును కలిగించును. ఆ ధూళి ప్రమాదమునుబట్టియే ఆస్ట్రేలియా దేశము 2024 జూలై 1 నుండి కొన్నిరకముల కృత్రిమ శిలాపలకలను నిషేధించెను. నీరు పోయుచు కోయుటయు, ముక్కునకు మంచి ముసుగు ధరించుటయు, మోకాళ్లక్రింద మెత్తలు కట్టుకొనుటయు మొదటిదినము నుండియే యలవాటు కావలెను. ఆవపు పొగకు కన్నులు పోగొట్టుకొన్న పెద్దలను చూచిన కులమున కీ మాట విస్తరించి చెప్పనక్కఱలేదు.

విన్నపము

మన సంఘమున కుండిన ధనము స్వల్పము. దానిని సన్మానములకును, శాలువలకును కొంత తగ్గించి యీ క్రింది పనులకు వినియోగింపవలసినదిగా పెద్దలను వేడుచున్నాను. సంఘము కట్టు ఏ వసతిగృహమైనను, మండపమైనను దాని నేలపనిని ఒక నేర్పరియైన మేస్త్రి క్రింద మన యువకులకే శిక్షణగా అప్పగింపవలెను. ఆ మేస్త్రి ఏ కులమువాడైనను గురువే. అతనికి గురుదక్షిణ నిండుగా ముట్టవలెను. పదవ తరగతి తప్పిన బాలురకు వేసవిలో పాఠములు చెప్పించి మరల పరీక్షకు కూర్చుండబెట్టవలెను. ఆ పనికి నావంటి విశ్రాంత ఉపాధ్యాయులు వేతనము లేకయే రాగలరు. గృహనిర్మాణ వ్యాపారమున నున్న మన పోషకమహాశయులు తలకిద్దఱు బాలురను రెండేసి యేండ్లు తమ కట్టడములలో నేర్చుకొనువారినిగా చేర్చుకొనవలెను. బాలికలను మఱువరాదు. మన్ను త్రొక్కుటయు, కుండకు మెఱుగు పెట్టుటయు మన స్త్రీల చేతులలో నుండిన పనులే. కట్టడములలో వారిని తట్ట మోయుటకే పరిమితము చేయుట వారి నేర్పునకు అవమానము.

సారెను పూర్తిగా విడువుడని నేను చెప్పుటలేదు. వేసవిలో చల్లని మట్టిపెంకు కప్పును, పాతయిండ్ల మరమ్మతును కోరువారు ఇప్పటికిని కలరు. చేయగలవారు చేయుచునే యుండవలెను. కాని ప్రతియింట అది కూడు పెట్టదని మనకందఱకు తెలియును. మన్నునుగూర్చి మనకు గల జ్ఞానము జన్మముతో వచ్చినది కాదు. తండ్రి నేర్పగా వచ్చినది. నేర్పుట యాగినచోట అదియు నాగినది. మరల నేర్పించు భారము ఇప్పుడు సంఘముమీద పడియున్నది. ఈ మహాసభ ఆ భారమును వహించునని నమ్ముచు, మన బాలబాలికలకు చేతినిండ పనియు, పనికి తగిన మన్ననయు కలుగునట్లు భగవంతుని ప్రార్థించుచు విరమించుచున్నాను.